మంచమా, చేతికర్రా

ఒక్క మాట దగ్గర మల్కీయా కలం పదకొండు రోజులు ఆగిపోయింది.

ఇది వెయ్యేళ్ళ కిందటి సంగతి. గలిలయ సరస్సు ఒడ్డున, తిబెరియ అనే ఊళ్ళో, ఎల్యాకీము అనే యూదు పండితుడు ఉండేవాడు. పాత హెబ్రీ లేఖనాల ప్రతులు ఎక్కడెక్కడివో తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అక్షరం అక్షరం సరిచూసి, తప్పులేని ప్రతి తయారుచేయడం ఆయన పని. మల్కీయా ఆయన శిష్యుడు. చదువుకోసం ఐగుప్తు, అంటే ఈజిప్టు, నుంచి వచ్చి ఆరేళ్ళయింది. ఇరవయ్యారేళ్ళవాడు. ఏ మాట ఏ గ్రంథంలో ఎన్నిసార్లు వస్తుందో అడిగితే పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. చెప్పాక, ఎదుటివాడు ఆశ్చర్యపోయాడో లేదో ఒకసారి చూసుకునేవాడు.

ఆ రోజుల్లో హెబ్రీలో హల్లులు మాత్రమే రాసేవారు. మన భాషలో గుణింతాలన్నీ తీసేసి క, ల అని రెండక్షరాలు రాసి ఊరుకుంటే, అది కల కావచ్చు, కాలు కావచ్చు, కీలు కావచ్చు, కూలి కావచ్చు. ఏదన్నది చదివేవాడికే తెలియాలి. తెలిసినవాళ్ళ నోటి నుంచి విని నేర్చుకోవాలి. అలా విని నేర్చుకున్న పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారని, ఎల్యాకీములాంటి వాళ్ళు అక్షరాల కిందా పైనా చిన్న చిన్న చుక్కలూ గీతలూ పెట్టి, ఆ ఉచ్చారణను పుస్తకంలోకి ఎక్కించే పనిలో పడ్డారు.

దమస్కులోని యూదుల ప్రార్థనా మందిరం ఒకదాని కోసం అలాంటి పుస్తకమే తయారవుతోంది. అక్షరాలు రాయడం పూర్తయింది. చుక్కలు పెట్టే పని మల్కీయాకు అప్పగించాడు గురువు. ఆ పుస్తకాన్ని అక్కడి వాళ్ళు తరతరాలు చదువుకుంటారు. ఒకసారి చుక్క పడితే ఇక ఆ మాట అలాగే చదువుతారు.

మల్కీయా ఆగిన చోటు యాకోబు కథలో ఉంది. యాకోబు ముసలివాడయ్యాడు. పరాయి దేశమైన ఐగుప్తులో ఉన్నాడు. కొడుకు యోసేపును పిలిచి, నన్ను ఈ మట్టిలో పెట్టొద్దు, మా పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకుపో అని అడిగాడు. కొడుకు ఒట్టు పెట్టాడు. అప్పుడు ఆ ముసలాయన వంగి మొక్కాడు. దేని తలవైపుకు వంగాడు అన్నదే ప్రశ్న. అక్కడ రాసి ఉన్నవి మ, ట, హ అనే మూడక్షరాలు. మిట్టా అని చదివితే మంచం. మట్టే అని చదివితే చేతికర్ర.

అందరూ మంచమనే చదువుతారు. మల్కీయాకు అది నచ్చలేదు.

పదకొండో రోజు పొద్దున అతను తన వాదనంతా రాసిన పన్నెండు పుటలు పట్టుకుని గురువు ముందు కూర్చున్నాడు.

"గురువుగారూ, యాకోబుకు జబ్బు చేసిందన్న మాట ఆ తర్వాత గాని రాదు. అంటే అప్పటికి ఆయన లేచి తిరుగుతున్నాడన్నమాట. లేచి తిరిగే మనిషికి మంచంతో పనేముంది? ఆయన చేతిలో కర్ర ఉందని ఇంతకు ముందు కథలోనూ ఉంది. గ్రీకు భాషలోకి మార్చినవాళ్ళు కూడా కర్ర అనే రాశారు. ఇన్నాళ్ళూ అందరూ తప్పు చదువుతున్నారు."

పన్నెండు పుటలూ చదివి వినిపించాడు. ఎల్యాకీము కళ్ళు మూసుకుని, మధ్యలో ఒక్క మాటా అడ్డు చెప్పకుండా విన్నాడు.

అయ్యాక చెయ్యి చాపాడు. పుటలు అడుగుతున్నాడనుకుని మల్కీయా అందించబోయాడు.

"కలం," అన్నాడు గురువు.

మల్కీయా రెల్లు కలం ఇచ్చాడు. ఎల్యాకీము దాని మొనకు అంటిన సిరాను గుడ్డతో మెల్లగా తుడిచి, గూట్లో పెట్టాడు. అదే గూట్లోంచి ఒలీవ నూనె బుడ్డి ఒకటి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి అరగంట నడిస్తే జాలర్ల పల్లె వస్తుంది. అక్కడ యద్దూవ అని ఒక పెద్దాయన ఉన్నాడు. యాభై ఏళ్ళు పిల్లలకు లేఖనాలు చదవడం నేర్పాడు. ఇప్పుడు మంచం పట్టాడు. ఈ నూనె ఆయన వీపుకు రాసి, ఆ మాట ఎలా చదువుతాడో విని రా."

"ఆయన దగ్గర పాత ప్రతి ఉందా?"

"ఒక్క పుస్తకమూ లేదు. చిన్నప్పటి నుంచి చూపు తక్కువట. అంతా విని నేర్చుకున్నదే."

మల్కీయా చేతిలోని బుడ్డి వైపు చూశాడు. పన్నెండు పుటలకు జవాబుగా ఒక నూనె బుడ్డి.

"సరేనండి, అడిగి వస్తాను," అన్నాడు.

"విని రా అన్నాను."

*

యద్దూవ ఇల్లు ఒకటే గది. గుమ్మంలో ఆయన కూతురు హొగ్లా కూర్చుని చిరిగిన వల బాగుచేస్తోంది. నలభై దాటిన మనిషి. మల్కీయా తిబెరియ నుంచి వచ్చానని, పండితుడి శిష్యుణ్ణని చెప్పాడు. ఆవిడ అతని ముఖం కంటే ముందు చేతిలోని బుడ్డి చూసింది.

"నూనె తెచ్చావా బాబూ. నిన్నే అయిపోయింది," అంది.

లోపల నులక మంచం మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. తొంభైకి దగ్గర పడిన మనిషి. దుప్పటి కింద ఒళ్ళుందా అన్నంత పలచగా ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎటూ చూడటం లేదు. హొగ్లా ఆయన్ని పక్కకు తిప్పింది. వీపు మీద పుళ్ళు చూసి మల్కీయా చూపు తిప్పుకున్నాడు. నూనె ఆవిడే రాసింది.

అది అయ్యాక మల్కీయా మంచం దగ్గర కూర్చుని, గొంతు పెంచి అడిగాడు. "తాతగారూ, యోసేపు ఒట్టు పెట్టాక యాకోబు వంగి మొక్కాడు కదా. అక్కడ మాట మీరు ఎలా చదువుతారు?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"అలా మధ్యలోంచి రాదు నాయనా. దారపుండలో మధ్య పోగు లాగితే చిక్కుపడుతుంది. కొస పట్టుకుని రావాలి."

"ఎక్కడ నుంచి?"

"యోసేపుకు పదిహేడేళ్ళు. అన్నలతో గొర్రెలు కాస్తున్నాడు. అక్కడ నుంచి."

మల్కీయా మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ వచనానికి చేరాలంటే పది అధ్యాయాలు దాటాలి. వేగంగా చదివితే పూట పట్టదు. సరే అనుకున్నాడు.

ముసలాయన మొదలుపెట్టాడు. సన్నని గొంతు. కానీ అందులో రాగం ఉంది. వాక్యం ఎక్కడ లేవాలో అక్కడ లేచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. ప్రతి నాలుగు మాటలకూ ఊపిరి తీసుకుంటున్నాడు. అన్నలు యోసేపును పట్టుకుని, అంగీ లాగేసి, నీళ్ళులేని గోతిలో పడేశారు. అక్కడ ముసలాయన నిద్రపోయాడు.

మల్కీయా మధ్యాహ్నం దాకా చూశాడు. ఆయన లేవలేదు.

మర్నాడు వెళ్ళాడు. ఎక్కడ ఆపాడో ముసలాయనకు గుర్తులేదు. మళ్ళీ పదిహేడేళ్ళ దగ్గర మొదలుపెట్టాడు. మూడో రోజూ అంతే. ఒకరోజు గోతి దగ్గర నిద్ర పట్టింది. ఒకరోజు యోసేపు అన్నలను వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళను చేరకముందే పట్టింది. ఒకరోజు హొగ్లా గంజి తెచ్చేసరికి దారి తప్పింది.

ఆరో రోజు మల్కీయా గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆరు రోజుల్లో యోసేపు నాలుగుసార్లు గోతిలో పడ్డాడండి. ఒక్కసారీ ఐగుప్తు చేరలేదు."

ఎల్యాకీము చూస్తున్న పుటలోంచి తల ఎత్తలేదు. "రేపు ఐదోసారి పడతాడేమో, చూడు."

"దమస్కు వాళ్ళు పుస్తకం కోసం ఎదురుచూస్తున్నారు. ఈ ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు వంద మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా..."

"వాళ్ళంతా చుక్కలు పెట్టిన పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్ళు. మనలాగే." గురువు ఖాళీ బుడ్డి అందుకుని నూనె నింపాడు. "ఆయనకు నేర్పినవాడు విని నేర్చుకున్నాడు. ఆ నేర్పినవాడికి నేర్పినవాడు కూడా. ఆ వరసలో మిగిలింది ఆయన ఒక్కడే."

మల్కీయా బుడ్డి తీసుకున్నాడు.

*

తొమ్మిదో రోజు ముసలాయన గొంతు బాగుంది. యోసేపు గోతిలోంచి బయటికి వచ్చాడు. వర్తకులు కొనుక్కుని ఐగుప్తుకు తీసుకుపోయారు. చెరసాలలో పడ్డాడు. మల్కీయా మోకాళ్ళ మీద ముందుకు వంగి కూర్చున్నాడు. ఇన్ని రోజుల్లో ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ముసలాయన మాటల మధ్య ఎడం పెరుగుతోంది. కనురెప్పలు వాలుతున్నాయి.

ఇవాళ కూడా పోతుందనిపించింది మల్కీయాకు. ఆపుకోలేకపోయాడు. ముసలాయన చెవి దగ్గరికి వంగి, ఏడు అధ్యాయాలు దాటించి, యాకోబు ఒట్టు పెట్టించుకున్న మాటలు తానే అందించాడు. "ఆ తర్వాత, తాతగారూ? ఆ తర్వాత వంగి మొక్కాడు, ఎక్కడ?"

ముసలాయన ఆగిపోయాడు.

పెదవులు కదిలాయి. మాట రాలేదు. మల్కీయా అందించిన మాటను ఒకసారి అన్నాడు. చెరసాల మాట ఒకసారి అన్నాడు. రెండూ అతకలేదు. చేత్తో దుప్పటి తడుముకున్నాడు, ఏదో పడిపోతే వెతుక్కుంటున్నట్టు. వెనక్కి వెళ్ళి పదిహేడేళ్ళ దగ్గర మొదలుపెట్టబోయాడు. అదీ రాలేదు.

కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి వెళ్ళాయి. ఏడుస్తున్నట్టు ముఖంలో ఏమీ లేదు. నీళ్ళు మాత్రం కారాయి.

హొగ్లా వల వదిలి వచ్చింది. తండ్రి ముఖం కొంగుతో తుడిచి, దుప్పటి సర్దింది. మల్కీయాను గుమ్మం బయటికి తీసుకొచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పొద్దున్నే మెలకువ రాగానే మా నాన్న చేసే పని ఒకటుంది బాబూ. మొదటి మాట నోట్లో ఉందో లేదో చూసుకుంటారు. ఉంటే, హమ్మయ్య, ఇవాళ ఉన్నాను అంటారు. నడక పోయింది, చూపు పోయింది, అమ్మ పోయింది. అది మాత్రం ఉంది."

"నేను... కావాలని చేయలేదక్కా."

"తెలుసు. చదువుకున్నవాడివి, తొందర ఉంటుంది." ఆవిడ మాటలో కోపం లేదు. లోపలికి వెళ్ళి వల ముందు కూర్చుంది.

ఒడ్డు వెంట నడుస్తూ వస్తుంటే మల్కీయాకు అరగంట దారి ఎంతకీ తరగలేదు.

*

జరిగినదంతా గురువుకు చెప్పాడు. తన తప్పును కొంచెం కూడా తగ్గించుకోలేదు. చెప్పి, తిట్టే తిట్ల కోసం నిలబడ్డాడు.

ఎల్యాకీము లేచి గూటి దగ్గరికి వెళ్ళాడు. మల్కీయా కలం ఇస్తాడేమోనని భయపడ్డాడు. కలం ఇచ్చి, ఇక నీ ఇష్టం వచ్చినట్టు చుక్కలు పెట్టుకో అంటే అంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

గురువు నూనె బుడ్డి తీశాడు.

"ఈసారి ఏం వినమంటారు?" అన్నాడు మల్కీయా.

"ఏమీ వద్దు. వీపుకు రాసి రా."

మల్కీయా వెళ్ళాడు. హొగ్లాను లేవనీయకుండా తానే ముసలాయన్ని పక్కకు తిప్పాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక మొదట జబ్బ పట్టుకున్నాడు. ఆయన మూలిగాడు. "నడుం కింద చెయ్యి పెట్టు," అంది హొగ్లా కూర్చున్న చోటు నుంచే. పెట్టాడు. పుళ్ళకు నూనె రాశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. సరస్సు నుంచి రెండు కుండల నీళ్ళు తెచ్చి పోశాడు. గంజి చల్లార్చి తాగించాడు. ఏమీ అడగలేదు. ముసలాయనా ఏమీ అనలేదు.

రెండో రోజూ అంతే.

మూడో రోజు నూనె రాస్తుంటే గోడవైపు తిరిగి ఉన్న ముసలాయన అన్నాడు. "నువ్వేనా, ఆ తొందర అబ్బాయివి?"

"నేనేనండి."

"నాకు మొదటి మాట దొరకట్లేదు నాయనా. మూడు రోజులైంది. నీకు చదువొచ్చు కదా. నువ్వు మొదలుపెట్టు."

మల్కీయా చేతులు ఆగాయి. వాకిట్లో హొగ్లా సూది కూడా ఆగింది.

అతను మొదలుపెట్టాడు. ఆ కథ అతనికి అక్షరాలతో సహా వచ్చు. ఏ అక్షరం ఎన్నోదో వచ్చు. గబగబా రెండు వచనాలు చెప్పేశాడు.

"ఆగాగు," అన్నాడు ముసలాయన. "అంత పరుగెందుకు? కుర్రాడు గొర్రెల వెనక నడుస్తున్నాడు. గొర్రెలు అంత తొందరగా పోవు."

మల్కీయా మళ్ళీ మొదటికి వచ్చాడు. నెమ్మదిగా అన్నాడు. ముసలాయన పెదవులు కదిలాయి. నాలుగో మాట దగ్గర ఆ సన్నని గొంతు అతని గొంతులో కలిసింది. ఆరో మాటకు అతనికంటే ముందు నడిచింది. మల్కీయా తన గొంతు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి ఆపేశాడు. ముసలాయన ఒక్కడే సాగిపోయాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ముసలాయన నిద్రపోయిన చోటు మల్కీయా గుర్తుపెట్టుకునేవాడు. మర్నాడు అక్కడి నుంచి మెల్లగా అందుకునేవాడు. ముసలాయన వచ్చి కలిసేవాడు. తండ్రి ఆ గదిలో చదువుతుంటే వల అల్లే హొగ్లా చెయ్యి ఆ రాగానికే ఆడుతుండేది. మల్కీయా ఆ మాటలన్నీ ఎన్నోసార్లు చదివినవాడే. అయినా ఒక్కోచోట, ఇక్కడ ఇంత ఎడం ఉందా, ఈ మాట ఇంత మెత్తనిదా అనిపించేది. ఐగుప్తులో పెద్ద అధికారి అయిన యోసేపు, తనను గుర్తుపట్టని అన్నలకు తానెవరో చెప్పుకునే చోట ముసలాయన గొంతు దాదాపు వినపడకుండా పోయింది. ఎందుకలా అని మల్కీయా అడిగితే, "వాళ్ళకు మాత్రమే చెప్పుకుంటున్నాడు కదా," అన్నాడు.

ఆ మాట కోసం వచ్చానన్న సంగతి మల్కీయా ఒక్కోరోజు మరిచిపోయేవాడు.

*

ఇరవై రెండో రోజు యాకోబు కొడుకును పిలిపించాడు.

ముసలాయనకు ఆయాసంగా ఉంది. "కాస్త లేపు నాయనా," అన్నాడు. మల్కీయా ఆయన వెనక మంచం మీద కూర్చుని, వీపు తన ఛాతీకి ఆనించుకున్నాడు. పక్షి బరువు కూడా లేడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఎముకలు తెలుస్తున్నాయి.

నన్ను ఈ మట్టిలో పెట్టొద్దు అని తండ్రి అడిగాడు. అలాగే చేస్తాను అని కొడుకు అన్నాడు. ఒట్టు పెట్టు అని తండ్రి అన్నాడు. కొడుకు పెట్టాడు. ముసలాయన ఊపిరి కోసం ఆగాడు. మల్కీయా కూడా తన ఊపిరి ఆపుకున్నాడు.

ముసలాయన తల పక్కకు, మంచం తలవైపుకు వాలింది. నుదురు మల్కీయా జబ్బకు తగిలింది. అక్కడ నుంచే అన్నాడు.

"మిట్టా."

మంచం.



తర్వాత మల్కీయా అడిగాడు. వాదించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు. "తాతగారూ, దాన్ని చేతికర్ర అని కూడా చదవొచ్చు కదండి."

"చదవొచ్చు." ముసలాయన గొంతులో నవ్వు కదిలింది. "నీ వయసులో నేనూ అదే అనుకున్నాను. అప్పటికింకా ఆయనకు జబ్బు చేయలేదు కదా అని."

పన్నెండు పుటలూ ఆ ఒక్క మాటలో అయిపోయాయి.

"మరి పిల్లలకు ఏమని చెప్పారు?"

"మంచమనే చెప్పాను. నేను విన్నది అది."

"మీకు నమ్మకం లేకపోయినా?"

"నాకు అర్థం కాలేదని పిల్లల నోట్లో మాట మార్చేస్తానా?"

మల్కీయా అడిగాడు. "ఇప్పుడు అర్థమైందా?"

"ఇప్పుడు మంచం మీద ఉన్నాను. మంచమే సరిగ్గా ఉందనిపిస్తోంది. రేపు లేచి నడిచానంటే మళ్ళీ కర్రే బాగుందంటానేమో. నా సంగతికేం." ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "మా గురువు మంచమన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఇలా కిందికి దిగేది. మీ తిబెరియలో ఎలా చదువుతారు?"

"మీరు చదివినట్టేనండి," అన్నాడు మల్కీయా.

*

అతను తిరిగి వచ్చేసరికి గురువు బల్ల మీద దమస్కు పుస్తకం తెరిచి ఉంది. సరిగ్గా ఆ పుటే. పక్కన కలం, సిరా.

ఎల్యాకీము, ఏమన్నాడు అని అడగలేదు.

మల్కీయా పుస్తకం ముందు కూర్చుని, మూడక్షరాలనూ చూశాడు. కలం తీసుకోలేదు.

"మీరే పెట్టండి గురువుగారూ."

"విన్నది నువ్వు."

మల్కీయా కలం సిరాలో ముంచాడు. అదనపు సిరా బుడ్డి అంచుకు రాసి వదిలించాడు. పుట మీదికి వంగి, మిట్టా అని పలికేలా మొదటి అక్షరం కింద ఒక చుక్క పెట్టాడు. రెండో అక్షరం కింద చిన్న గీత గీసి, దాని కింద ఇంకో చుక్క పెట్టాడు. సిరా ఆరేదాకా అలాగే వంగి ఉన్నాడు.

"ఆ పన్నెండు పుటలు?" అన్నాడు చివరికి.

"బాగా రాశావు," అన్నాడు గురువు. "పారేయకు. ఈ పుస్తకం అంచుల్లో మాత్రం ఎక్కించకు."

మర్నాడు పొద్దున మల్కీయా చెప్పులు తొడుక్కుంటుంటే ఎల్యాకీము చూశాడు. అతని చేతిలో బుడ్డి ఉంది. తానే నింపుకున్నాడు.

"ఆ మాట అయిపోయింది కదా," అన్నాడు గురువు.

"యాకోబు ఇంకా బతికే ఉన్నాడండి. మనవలను దీవించాలి. సగంలో వదిలి రాలేను."

 శిష్యుడు గుమ్మం దాటాక, ఎల్యాకీము తన ముందున్న పుస్తకాన్ని మూశాడు. పైబట్ట తీసుకుని వెనకే బయలుదేరాడు. మల్కీయా ఆగి చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా వెళ్ళాలనుకుంటున్నాను," అన్నాడు గురువు. "అరగంట దూరమే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకుంటూ వచ్చాను."

ఇద్దరూ ఒడ్డు వెంట నడిచారు.

హొగ్లా తిబెరియ పండితుణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఎవరో పెద్దమనిషి వచ్చాడని లేచి, వల పక్కకు జరిపి, పీట వెయ్యబోయింది. ఆయన వద్దని సైగ చేసి గుమ్మం లోపల నిలబడ్డాడు. మల్కీయా ముసలాయన్ని లేపి కూర్చోబెట్టాడు.

యద్దూవ తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. "ఇద్దరి అడుగుల చప్పుడు వినిపించింది. ఇంకొకరెవరు?"

మల్కీయా చెప్పబోయాడు. గురువు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"చదువుకోవడానికి వచ్చానండి," అన్నాడు ఎల్యాకీము.

"ఆలస్యంగా వచ్చావు నాయనా," అన్నాడు ముసలాయన. "ఫరవాలేదు. కూర్చో."

ఎల్యాకీము నేల మీద, శిష్యుడి పక్కన కూర్చున్నాడు.